జీపు ఏరియల్‌కు కట్టిన ముడుపు

సుంగై సిపుట్, మలయా, 1951

తమ్ముడు కాంతయ్యకు అక్క దీవెనలు.

ఇపోలో రేడియోలు బాగుచేసేవాడివి, నీకైతే తెలుస్తుందని రాస్తున్నాను. మా రబ్బరు తోట డ్రైవరు నాగప్పన్‌ను అడవిలోని తుపాకులవాళ్లు కాల్చేశాక ఆ జీపు మీ బావ నడుపుతున్నాడు. సాయం పిలుచుకోవడానికని దొర దానికి వైర్‌లెస్ పెట్టించాడు. ఏరియల్ కడ్డీ జీపు మీద నిలువెత్తున లేచి ఉంటుంది. మా అత్త బానెట్ ఎక్కి దాని కొసకు పసుపుగుడ్డ ముడుపు కట్టింది. ఇప్పుడు జీపు ఏ మలుపులో ఉందో కొండ మీద పొంచి ఉన్న ఆ తుపాకులవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

విప్పుదామంటే, "మొక్కు తీరకుండా ముడుపు విప్పుతారేటి? నా కొడుక్కి కీడు" అని ఏడుస్తుంది. పొట్టి ఏరియల్ వేయమని అడిగితే, దాంతో మాట కొండ అవతలి పోలీసు స్టేషన్‌కు అందదన్నాడు దొర. పొట్టిగా ఉండి కొండ దాటేది నీ దగ్గర ఉంటే వెంటనే పంపు.

ఈ పొద్దున నేనే కడ్డీని కిందికి వంచి, ముడుపు కనపడకుండా తాడుతో బంపర్‌కు కట్టేశాను. మీ బావ నవ్వి, "నీకు నెమ్మదిగా ఉంటే ఉండనీలే" అన్నాడు.

వంచి కట్టిన ఏరియల్ నుంచి మాట అందుతుందా తమ్ముడూ? జీపు అప్పుడే వెళ్లిపోయింది.

మీ అక్క