దుప్పటి మీద బంగారు పొడి

ప్రొద్దుటూరు, 1958 మే, శుక్రవారం రాత్రి

టైఫాయిడ్‌తో మా వార్డులో చేరిన కంసాలి ఆచారి నిన్నంతా దుప్పటి మీద వేళ్లతో ఏదో ఏరుతూనే ఉన్నాడు.

"బంగారు పొడి ఏరుతాండాడు డాక్టరు సామీ, ఇంట్లోనూ ఇంతే," అని భార్య నవ్వింది.

బంగారు పనికి పేరుపడ్డ ఈ ఊళ్లో కంసాలి పొడి ఏరడం వింత కాదు గనక నేనూ నవ్వేశాను. అది జ్వరంతో మతి చలించే సంధి అని తట్టలేదు. ఇప్పుడెక్కడున్నావని ఆయన్ను ఒక్కమాట అడిగి ఉంటే తెలిసిపోయేది. రాత్రి తోడుంటానన్న ఆమెను, మగవాళ్ల వార్డని ఇంటికి పంపింది నేనే. పోతాయేమోనని ఆయన కళ్లద్దాలు ఆమె చేతికిచ్చిందీ నేనే.

తెల్లవారుజామున, పొడి కింద రాలిందని మంచం దిగబోయి పడ్డాడు. తుంటి విరిగింది.

ఇవాళ సెలైను ఎక్కించి, ఆమెను పక్కనే కూర్చోబెట్టాను. సాయంత్రానికి కాస్త తేరుకున్నాడు. ఆమె కళ్లద్దాలు పెట్టగానే దుప్పటిని పరకాయించి చూశాడు.

"ఈడ ఏమీ ల్యాదే!"

"ల్యాదు. పండుకో," అందామె.

ఆచారి నా వైపు తిరిగాడు. "ఆ మాట నిన్న ఎవురూ చెప్పకపోతిరే సామీ?"

చార్టు తీసి, 'రాత్రి భార్య తోడుండాలి, కళ్లద్దాలు తీయకూడదు' అని రాశాను.