ఆ మెయిల్ తెరిచింది నేనే

సూపరింటెండెంట్ గారికి,

రికార్డుల గది గుమస్తా నమస్కరించి రాసుకుంటున్నది.

మన ఆసుపత్రి కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడుగుతున్నవాళ్లను లోపలికి రానిచ్చింది మన కంప్యూటర్లు చూసుకునే మాస్టారు కాదండీ, నేను. మంగళవారం ఉదయం మీ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. కొత్త డ్యూటీల జాబితా అనుకుని తెరిచాను. కాసేపటికి ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే మారిపోసాగాయి.

ఇంతలో మాస్టారు గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మా, నీ దగ్గరేమైనా తేడాగా కనబడిందా?" అని అడిగారు.

"లేదండీ," అన్నాను.

ఆయన నమ్మి వెళ్లిపోయారు. గంట తిరిగేసరికి ల్యాబు, మందుల కౌంటరు అన్నీ ఆగిపోయాయి. చివరికి ఆయనే పరిగెత్తి వైర్లన్నీ పీకేశారు.

నిన్న ఒక తల్లి తన పాపకి ఏ మందు పడదో అడగడానికి వచ్చింది. "మీ కంప్యూటర్లో రాసుకున్నారు కదమ్మా," అంది.

మీరు మాస్టారిని పనిలోంచి తీసేశారు. ఆయన ప్రతి శుక్రవారం అన్నింటికీ కాపీ తీసి, ఆ డిస్కును ఏ కంప్యూటరుకూ తగిలించకుండా మా గది బీరువాలో పెడతారు. అది భద్రంగానే ఉంది. ఆ సంగతి ఆయన చెప్పబోతే కోపంలో మీరు వినలేదట. ఆ కాపీతో ఆయన అన్నీ తిరిగి తేగలరు; తాళం వేసినవాళ్లకు డబ్బు కట్టకముందే ఆయన్ని పిలిపించండి.

ఆయన రాగానే అందరిముందూ ఇదే మాట నా నోటితో చెబుతాను. అప్పటికి ధైర్యం చాలదేమోనని ముందుగా కాగితం మీద పెట్టాను.

మీ గది బయటే కూర్చున్నాను.