మూడో కంచం

సెల్లి నూకాలుకి,

అన్నని రాత్తన్నాను. సింపీకుండా సదువు. ఈ కాయితం తలుపు కిందనుంచి తోసి, యారాడలో మీ అత్త అరుగు మీదే కూకున్నాను. నువ్వు మనిల్లొదిలి ఇక్కడికొచ్చి తలుపేసుకుని, మూడ్రోజులనుంచి అన్నం ముట్టలేదని మీ అత్త సెప్పింది.

ఆ రోజు మనింట్లో, బావ రోజూ దిగే స్టీల్‌ప్లాంటు పనోళ్ల బస్సు హారన్ ఇనగానే, నువ్వు అలవాటుగా బావకి కూడా కంచం పెట్టేవు. బావ పోయి నెలైనా కాలేదు. నాకు ఏడుపొచ్చి "పిచ్చిముండా" అన్నాను. అమ్మ నిన్ను ముద్దుగా పిలిసిన మాటే కదా అది. నీ మొకం సూసేక గానీ ఏదో అనకూడని మాటన్నానని నాకు తెలీలేదు.

పూర్ణా మార్కెట్ కాడ మా పాత తెలుగు మేస్టారు కనబడితే 'ముండ' అంటే ఏటని అడిగేను. "పూర్వం మొగుడు పోయినావిడకి గుండు గీసేవారురా. ఆ బోడితల మీంచి వచ్చిందా మాట. తర్వాత తిట్టయింది, తల్లుల నోట ముద్దూ అయింది" అన్నారు. ఆయన ముందే ఏడ్సీసేను.

ఎనిమిదితో బడి మానీసినోణ్ణి, తెలీక అన్నాను. అలాగని నా తప్పు పోదు. కొట్టు, తిట్టు, గంజైనా తాగమ్మా. అమ్మా లేదు, బావా లేడు, నువ్వు కాక నాకెవులున్నారు?

తలుపు తియ్యి, ఇంటికెల్దాం. సాయంత్రం బస్సు హారన్ కొట్టగానే మూడు కంచాలూ నానే పెడతాను. ఏటీ అనను.

నీ అన్న