బరువు దిగాక బిగించాలి

ఆదివారం పొద్దున

నాన్నకి,

ఫోను నీ చెవులకి అందడం లేదని, ఏదున్నా రాసి పంపమని పోయినసారి అన్నావు. అందుకే కాగితం తీశాను. ఫోనులో అయితే "సరేలే నాన్నా, మళ్ళీ చేస్తాను" అని తప్పించుకునే వీలుండేది. కాగితం దగ్గర ఆ ఆటలు సాగేట్టు లేవు.

నేనొక కారు కొన్నాను. సెకండ్ హ్యాండ్‌దే. చూడ్డానికి నాలుగు తలుపుల పెద్దమనిషి, యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం పందెపు గుర్రం. అమ్మినాయన తాళంచెవి ఇస్తూ "సారుకా మేడమ్?" అన్నాడు. "కాదు, నాకే" అన్నాను. అనేసి, నిజంగా నాకేనా అని ఇల్లు చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. నా సంగతి నీకు తెలుసుగా. పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకి సంభావ్యత పాఠం చెబుతున్నాను; ఏది ఎంతవరకు జరగొచ్చో లెక్క కట్టడం నేర్పుతాను. ఇంటికొచ్చి, గ్యాస్ కట్టేశానా లేదా అని రెండుసార్లు లేచి చూస్తాను.

అసలు విషయం ఏమిటంటే, ఈ బండి ఉండాల్సిన దానికంటే ఎత్తుగా నిలబడింది. మలుపు తిప్పితే నిద్రమొహంతో ఒళ్ళు విరుచుకున్నట్టు పక్కకి ఒరుగుతుంది. చక్రానికీ పైన మడ్‌గార్డు అంచుకీ మధ్య నాలుగు వేళ్ళు సులువుగా దూరిపోతున్నాయి. అందుకని పొట్టి స్ప్రింగులు వేసి కిందికి దింపుదామని, రిమ్ములు కూడా మారుద్దామని చూస్తున్నాను. నెల రోజులుగా అదే చదువు. ఒక కంపెనీ స్ప్రింగులు బండిని యాభై మిల్లీమీటర్లు దింపుతాయట, ఫోటోలో నేలని ముద్దు పెట్టుకుంటున్నట్టుంది. ఇంకో కంపెనీవి ముప్పై మాత్రమే దింపుతాయి. మొదట మెత్తగా ఉండి, అణిగే కొద్దీ గట్టిపడతాయట. రిమ్ముల్లో నల్లటి పంతొమ్మిది అంగుళాలవి మనసు లాగుతున్నాయి గానీ ఒక్కొక్కటి పన్నెండు కిలోలు. పద్దెనిమిది అంగుళాలవి తొమ్మిది కిలోలే, కానీ చూడ్డానికి మర్యాదస్తుల్లా ఉన్నాయి. కాగితం మధ్యలో గీత గీసి మంచీ చెడ్డా అటొకటి ఇటొకటి రాసుకుంటూ కూర్చుంటే, నీ అల్లుడు భుజం మీంచి తొంగిచూసి, "కారు కొన్నావా, పరీక్షకి కూర్చుంటున్నావా? ఎవరైనా ప్రశ్నపత్రం లీక్ చేస్తే బాగుణ్ణు" అన్నాడు.

ఆ ప్రశ్నపత్రం నీ దగ్గరుంది కదా నాన్నా. నలభై ఏళ్ళు స్ప్రింగుల మధ్యే బతికావు. యాభయ్యా, ముప్పయ్యా? పంతొమ్మిదా, పద్దెనిమిదా? ఇది మాత్రం చెప్పు చాలు.

ఇంకో సంగతి కూడా అడగాలనుకున్నాను. ఈ కాగితంలో పట్టదు.

అమ్మని అడిగానని చెప్పు.

నీ
అమ్మాయి

*

గురువారం, కాలేజీ నుంచి వచ్చాక

నాన్నా,

నీ కార్డు అంది మూడు వారాలయింది. ఇంత పెద్ద కార్డు మీద నాలుగు ముక్కలు: "ముప్పై చాలు. యాభై దింపితే షాకబ్జార్బర్ల ఆయుష్షు దింపినట్టే. పద్దెనిమిది. చక్రం ఎంత తేలికైతే బండి అంత మాట వింటుంది." నెల రోజులు నేను గీసిన గీతలన్నిటికీ నీ సమాధానం రెండు లైన్లలో అయిపోయింది. నవ్వొచ్చింది, కాస్త ఒళ్ళు కూడా మండింది.

నువ్వు చెప్పినవే తెప్పించాను. రిమ్ము మధ్య రంధ్రం, అది కూర్చునే మన బండి హబ్బు కంటే కాస్త పెద్దదని కొలిచి చూసుకుని, ఆ సందులో కూర్చునే రింగులు కూడా తెప్పించాను. అవి లేకపోతే వేగంలో స్టీరింగు వణుకుతుందని చదివాను. పోయిన శనివారం అన్నీ వేసుకుని ఒక షాపుకి వెళ్ళాను. అద్దాల గది, కాఫీ మెషీను, గోడ నిండా రిమ్ములు. మెకానిక్ నా వయసు మనిషే, నిదానస్తుడు. చక్రం విప్పాడు, షాకునీ స్ప్రింగునీ కలిపి బయటికి తీశాడు. తర్వాత అర తెరిచి, స్ప్రింగుని నొక్కిపట్టే ఆ రెండు క్లాంపులూ తీసి బల్ల మీద పెట్టాడు.

అంతే. "వద్దండీ, మళ్ళీ వస్తాను" అన్నాను. ఆయన చేతిలో పానా అలాగే ఉండిపోయింది. "ఏమైంది మేడమ్, రేటు ఎక్కువనిపించిందా?" అన్నాడు పాపం. పాత స్ప్రింగులతోనే మళ్ళీ బిగించి పంపించాడు. కొత్తవి ఇప్పుడు మా హాల్లో సోఫా పక్కన, చుట్టాల్లా కూర్చుని ఉన్నాయి. నీ అల్లుడు అడిగితే "రింగు సైజు తేడా వచ్చింది" అని అబద్ధం చెప్పాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయనకి చెప్పని మాట ఒక్కటే, దీని వెనకున్న అసలు కారణం. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నాకు పదహారేళ్ళప్పుడు. సెలవులు. మన మెకానిక్ షాపులో నీ పక్కనే తిరిగేదాన్ని. నువ్వు పానా నంబరు చెప్పకముందే అందించేదాన్ని, గుర్తుందా? ఆ రోజు ఒక వ్యాను స్ప్రింగు. అటో క్లాంపు, ఇటో క్లాంపు. ఇద్దరం చెరో వైపు, వంతులవారీగా తిప్పుతున్నాం. నువ్వు ఒక చుట్టు, నేను ఒక చుట్టు. ఎక్కడో నా లెక్క తప్పింది. నేను ఒక చుట్టు ఎక్కువ తిప్పాననే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఫట్‌మని చప్పుడు. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి షట్టరుకి కుండంత సొట్ట, నీ చెయ్యంతా రక్తం. చిటికెన వేలు పక్కకి తిరిగిపోయి ఉంది. నువ్వు నా మొహంలోకి కూడా చూడలేదు. "బయటికి పో. మళ్ళీ ఈ గడప తొక్కావంటే ఊరుకోను" అన్నావు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

నేను తొక్కలేదు నాన్నా. ఇరవై ఏడేళ్ళయింది. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా షాపు పక్కనున్న మెట్లెక్కి పైకి వస్తాను, అవే మెట్లు దిగి వెళ్తాను. షాపు లోపల గోడలకి ఇప్పుడు ఏ రంగో కూడా నాకు తెలీదు. నువ్వు కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఆ చిటికెన వేలు ఒక్కటీ ముడుచుకోకుండా బయటే ఉంటుంది. అమ్మ "జమీందారు గారు కాఫీ తాగుతున్నారు" అంటుంది, అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ వేలు విరగ్గొట్టింది నేనని నువ్వు ఎవరికీ చెప్పలేదని తెలుసు. అది నా మీద దయో, అసహ్యమో ఇప్పటికీ తెలీదు.

నా అనుమానమంతా ఆ రోజే మొదలయిందని అనను. అంతకుముందే నువ్వు నన్ను అనుమానప్పక్షి అనేవాడివి. కానీ నాలో ఉన్నది నీ దగ్గర్నుంచి వచ్చిందేననుకునేదాన్ని. ఎందుకంటే నువ్వు పని మొత్తం అయిపోయి, జాకీ దింపేసి, బండి నేల మీద నిలబెట్టాక కూడా మళ్ళీ దాని కిందికి దూరేవాడివి, బిగించిన బోల్టులే మళ్ళీ బిగించేవాడివి. నాన్నకీ నాలాగే నమ్మకం కుదరదు అని లోపల్లోపల సంబరపడేదాన్ని. ఆ తర్వాత మాత్రం నా అనుమానానికి తోడెవరూ లేకపోయారు. డిపార్ట్‌మెంటు బాధ్యత తీసుకోమని రెండుసార్లు అడిగారు, వద్దన్నాను. నేను తిప్పే చుట్టు ఎవరి చేతి మీదికి వెళ్తుందోనని భయం.

ఇక అడగాల్సింది అడిగేస్తాను. ఈ స్ప్రింగులు నీ షాపులో, నీ చేత్తో వేయించుకోవాలని ఉంది. పక్కన నేనుండాలని ఉంది. గడప తొక్కనా, వద్దా? వద్దంటే ఏమీ అనుకోను. కార్డు మీద ఒక్క ముక్క రాసినా చాలు.

నీ
పెద్దమ్మాయి

*

సోమవారం

ఒసే అనుమానప్పక్షీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేదనుకున్నాను. ఉంది. మీ అమ్మ పక్కన నిలబడి "అక్షరాలు గుండ్రంగా రాయి, పిల్ల లెక్చరరు" అంటోంది. పిల్ల లెక్చరరయితే నాకేం, నేను దాని తండ్రిని.

జారింది నీ వైపు క్లాంపు కాదు. నా వైపుది.

పని మొదలుపెట్టే ముందు నువ్వు నా క్లాంపు చేతిలోకి తీసుకుని, వేలితో మర తడిమి, "నాన్నా, దీని మర అరిగినట్టుంది, పట్టు ఉంటుందా?" అన్నావు. నీకు గుర్తు లేదా? నాకు ఒక్క రోజూ మర్చిపోయే వీలు దొరకలేదు. ఆ వ్యాను ఓనరు ఎదురుగా నిలబడి ఉన్నాడు. చిన్నపిల్ల నాకు చెప్పేదేమిటని, "మా అనుమానప్పక్షి మళ్ళీ కూసింది" అన్నాను. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. నువ్వు నోరు మూసుకున్నావు. పది నిమిషాల్లో ఆ మరే జారింది. స్ప్రింగు నీ చెవి పక్కనుంచి పోయిందే తల్లీ. జానెడు దూరం కూడా లేదు. వేలు పోతే పోయింది, అదెంత. షట్టరు మీది సొట్ట నీ తల ఎత్తులో ఉంది.

నీ మొహంలోకి ఎలా చూడమంటావు? తప్పు నాది అంటే ఇంకోసారి నువ్వు షాపులోకి వస్తావు. వస్తే నిన్ను పక్కన పెట్టుకుని ఇంకో స్ప్రింగు ముట్టుకోలేను. పొమ్మన్నాను. రెండు రోజులు పోయాక చెబుదామనుకున్నాను. రెండు రోజులు, రెండు నెలలయ్యాయి. తర్వాత నువ్వు పెద్ద చదువుల్లో పడ్డావు, ఎందుకులే అనుకున్నాను. నువ్వు మెట్లెక్కి పోతున్నప్పుడల్లా లోపలినుంచి నీ చెప్పుల చప్పుడు వినేవాణ్ణి. ఇప్పుడు అదీ వినపడదు. షట్టరు రెండుసార్లు మార్చమన్నారు, మార్చలేదు.

ఇంకో మాట. నేను రెండోసారి బండి కిందికి దూరేది అనుమానంతో కాదు. బండి గాల్లో వేలాడుతున్నప్పుడు చక్రాన్ని బండికి కలిపే ఆర్ముల బోల్టులు చివరిదాకా బిగించకూడదు. బిగిస్తే లోపలి రబ్బరు బుష్షు మెలిపడి, నేల మీదికి రాగానే చిరుగుతుంది. చక్రాలు నేలకి ఆని, బండి బరువు దిగాకే బిగించాలి. అంటే రెండోసారి బిగించేదే అసలు బిగింపు. లెక్చరరువి, ఇంత చదివావు, ఇది ఏ పుస్తకంలోనూ లేదా?

శనివారం రా. క్లాంపులు కొత్తవి కొన్నాను. పాతవి నువ్వొచ్చాక పారేద్దాం. అల్లుణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టు, ముందు సీటు నాకు కావాలి.

మీ నాన్న

*

ఆదివారం సాయంత్రం

నాన్నా,

క్షేమంగా చేరాం. దారి పొడుగునా నీ అల్లుడు పక్క సీట్లోంచి "బండి పట్టాల మీద పోతున్నట్టుందే" అంటూనే ఉన్నాడు. నిజమే, మలుపుల్లో ఒరగడం లేదు. తొంభైలో స్టీరింగు నిశ్చలంగా ఉంది. గతుకుల్లో కొంచెం కటువుగా ఉంది. స్ప్రింగులు కుదురుకోవాలంటే ఇంకో నాలుగైదు వందల కిలోమీటర్లు నడవాలన్నావు కదా, నడుపుతాను. రింగుల గురించి ఆయనకి చెప్పిన అబద్ధం కూడా దారిలోనే ఒప్పుకున్నాను. "నాకు ముందే తెలుసు, రింగులు నేనూ కొలిచాను" అన్నాడు.

అక్కడ నీతో ఎక్కువ మాట్లాడలేకపోయాను. గోడలకి లేత ఆకుపచ్చ రంగు. గడప దాటగానే కనపడింది ఆ షట్టరు సొట్ట. దాని పక్కన నిలబడితే నా తలకి సరిగ్గా సరిపోయింది. నువ్వు కొత్త క్లాంపులు నా చేతిలో పెట్టావు. నేను మర తడిమాను, రెండిటినీ. పైనుంచి కిందిదాకా తడిమాను. తల ఊపాకే నువ్వు స్ప్రింగు పట్టుకున్నావు. చెరో చుట్టు. ఈసారి కళ్ళు తెరిచే ఉంచాను.

బండి దింపాక నేల నుంచి మడ్‌గార్డు అంచుదాకా జానలు పెట్టి కొలిచావు. నీ చిటికెన వేలు వంకర కాబట్టి నీ లెక్క నమ్మకూడదని నన్నూ పెట్టమన్నావు. కుడి పక్క మూడు జానలు, ఎడమ పక్క అర వేలు తక్కువ. "కొంచెం తేడా ఉన్నట్టుంది నాన్నా, నా చెయ్యేమో..." అన్నాను. పాత అలవాటు, గొంతులోనే సగం మింగేశాను. నువ్వు నవ్వుతావని చూశాను. నవ్వలేదు. మోకాళ్ళ మీద వంగి, ఎడమ టైరు దగ్గరికి పాకి, గాలి చూశావు. ఎనిమిది పాయింట్లు తక్కువ. నింపాక రెండు పక్కలా మూడు జానలే.

అప్పుడు నువ్వు బండి కిందికి దూరి, పానా బోల్టుకి తగిలించి, తిప్పకుండా ఆగిపోయావు. కిందినుంచి నీ గొంతు మాత్రం వచ్చింది: "ఇంకేమైనా అనుమానం ఉందటే? ఉంటే ఇప్పుడే చెప్పు. నువ్వు సరే అంటేనే బిగిస్తాను."

నీకు వినపడదని, వంగి నీ మడమ మీద రెండుసార్లు తట్టాను గుర్తుందా? సరే అని.

రేపు కాలేజీకి వెళ్ళగానే డిపార్ట్‌మెంటు సంగతి మాట్లాడతాను. కారులోనే వెళ్తాను.

నీ
అనుమానప్పక్షి