మెట్లెక్కినవాళ్ళ లెక్క

బుధవారం, పొద్దున

చిరంజీవి మనవరాలికి,

నీ చదువు, తిండి, నిద్ర మూడూ సవ్యంగా సాగాలని దీవిస్తూ అమ్మమ్మ రాస్తున్నది.

ముందు ఒక సవరణ. నాకు సిద్ధాంతాలంటే గిట్టదని మీ అమ్మతో అన్నావట. కాలేజీలో తర్కం చెప్పి రిటైరైనదాన్ని, గిట్టకపోవడమేమిటే? సిద్ధాంతం లేకుండా చూస్తే ముసలివాళ్ళమంతా ఒక్కలాగే కనిపిస్తాం. నాకు గిట్టనిది నీ తొందర.

పోయిన నెల వచ్చి, ప్రార్థన మందిరానికి వచ్చేవాళ్ళకూ ఇంటిపట్టున ఉండేవాళ్ళకూ బీపీలు చూశావు. రోజూ ప్రార్థనకు వచ్చే వృద్ధుల ఆరోగ్యమే మెరుగని సభలో చెప్పావు. అందరూ చప్పట్లు కొట్టారు. మీ తాతయ్య మరీను, పక్కవాళ్ళు చెవులు మూసుకున్నారు.

మందిరం రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మోకాళ్ళూ గుండే సహకరిస్తేనే ఎవరైనా పైకొస్తారు. కింద జిరాక్సు షాపు బెంచీ మీద కూర్చుని పాటలు వినే టైలరమ్మ భక్తి ముందు మాది ఏపాటి? ఆవిడ నీ లెక్కలో రానివాళ్ళ వైపు పడింది. ప్రార్థన ఆరోగ్యాన్నిచ్చిందో, ఆరోగ్యం ఉండబట్టే ప్రార్థనకు రాగలుగుతున్నామో నువ్వు అడగనేలేదు.

నువ్వు వెళ్ళిన మర్నాడే తాతయ్య బీపీ మాత్రలు మానేశారు. అదేమిటని నేనడిగితే, మనవరాలు లెక్కగట్టి తేల్చింది, నీకేం తెలుసు పొమ్మని నన్ను కసిరారు. డాక్టరు చెప్పబోతే, నీకంటే మా పిల్లే ఎక్కువ చదివిందని అతని నోరూ మూయించారు.

మాత్రలు మానమని నువ్వనలేదు, తెలుసు. మానొద్దని కూడా అనలేదు. చప్పట్లు వినగానే మైకు ఇచ్చేశావు. ఇదంతా ఫోనులో చెబితే మధ్యలో వాదిస్తావు, అందుకే ఉత్తరం.

కోపం తగ్గని, ప్రేమా తగ్గని
అమ్మమ్మ

తా.క. తాతయ్య నిద్రపోతున్నారని నిన్న ఫోనులో చెప్పింది అబద్ధం. ఆదివారం మందిరం మెట్ల మీద పడిపోయారు. ఆసుపత్రిలో ఉన్నారు. బీపీ దిగడం లేదు, మాత్ర నోట్లో పెడితే ఉమ్మేస్తున్నారు. జలుబు చేసి రెండు రోజులు ప్రార్థన మానారు కదా, అందుకే పడ్డారట! నీ సిద్ధాంతాన్ని నీకంటే గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఇంకోసారి ఇలా పడిపోతే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఆయన నమ్మేది నీ మాటొక్కటే. ఈ ఉత్తరం తెచ్చిన కాంపౌండరు సాయంత్రం బస్సుకే తిరిగొస్తాడు, అతనితో బయల్దేరు. దారిలో తాతయ్య చెవి మిషనుకు బ్యాటరీలు కొను. చొక్కా గుండీలంత ఉంటాయే, అవి. నువ్వు పొరపాటుపడ్డానని చెప్పేటప్పుడు వినపడలేదనే సాకు ఆయనకు ఉండకూడదు.