ఇరుకు గిన్నెలో గుండె కణాలు

అక్కా,

నువ్వు నాతో మాట్లాడటం మానేసి ఏడు నెలలైంది. అయినా ఈ సంగతి నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మా ల్యాబ్‌లో గుండె కణాలు పెంచుతాం. విడిగా ఉన్నంతసేపూ ఏ కణానికా కణం తన ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటుంది. మొన్న పరధ్యానంలో ఒకే గిన్నెలో రెండుసార్లు కణాలు పోసేశాను. తిట్టడానికొచ్చిన మేడం మైక్రోస్కోపులో చూసి తిట్టడం మర్చిపోయారు. కణాల ఒంటిమీద జిగురులాంటి అణువులుంటాయి. ఇరుకయ్యేసరికి వాటితో ఒకదాన్నొకటి పట్టుకుని, పట్టుకున్నచోటే కబుర్లు పంపుకుని, గిన్నెడు కణాలూ ఒకే లయలో కొట్టుకుంటున్నాయి. నేను కుర్చీ చుట్టూ గంతులేశాను. నవ్వితే నవ్వుకో.

ఆదివారం వస్తున్నాను. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు. సోఫాలో కాస్త జరిగి చోటివ్వు, చాలు.

నీ జిడ్డు చెల్లి