తక్కావి పట్టీలో నీ పేరు

నర్సీపట్నం,
ప్రభవ ఆశ్వయుజ బహుళ చవితి, శుక్రవారం,
14-10-1927

చిన్ననాటి స్నేహితుడు చిరంజీవి కొండబాబుకు మీ ఊరి కరణం యాజులు ఆశీర్వదించి రాసుకుంటున్న సంగతులు. ఊళ్లో మేమంతా కులాసా. యలమంచిలిలో నువ్వూ, మా చెల్లెమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నాలుగేళ్ల తరవాత నా చేతిరాత చూసి చింపేయాలనిపిస్తుంది. చివరిదాకా చదివి చింపు.

మొన్న భాద్రపదంలో తాండవ ఏరు మళ్లీ పొంగింది. ఈసారి ప్రాణాలు దక్కాయి గాని నాట్లు దక్కలేదు. ఏటివార పొలాల్లో మోకాటి లోతున ఇసక మేట వేసింది. రెవెన్యూ ఇనస్పెక్టరు గారు వచ్చి గట్టుగట్టూ తిరిగి చూశారు. విత్తనాలకూ ఎడ్లకూ సర్కారు మళ్లీ తక్కావి అప్పు ఇస్తోంది. తీర్చడానికి గడువు ఐదేళ్లు. ఆ పట్టీ పని మీదే ఇక్కడి తాలూకా కచేరీకి వచ్చాను.

నీ రెండెకరాల పట్టా ఇంకా నీ పేరనే ఉంది. అందుకని మొదట నీ పేరే రాశాను. ఊళ్లో లేని మనిషికి తక్కావి ఎందుకని ఇనస్పెక్టరు గారు అడిగారు. వస్తాడండీ, అతను బస్తాలు మోసే మనిషి కాదు, సేద్యగాడు అన్నాను. అయితే వచ్చే గురువారం స్వయంగా వచ్చి సంతకం పెట్టాలన్నారు.

నాలుగేళ్ల కిందటి వరదకు నీ ఎడ్లు రెండూ కొట్టుకుపోయాయి. అప్పటి తక్కావి పట్టీ చావడిలో చదివిన రోజున నీ పేరు రాలేదు. ఏమని నువ్వు అడిగితే మరిచిపోయానన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ యాజులూ అని పిలిచినవాడివి, అందరి ముందూ, “ఊరందరి పేర్లూ గేపకం ఉన్నాయి కరణంగారికి. నా పేరొక్కటే మర్సిపోనారు” అని నవ్వావు. నెల తిరక్కుండా ఊరు వదిలావు. నిరుడు యలమంచిలి స్టేషనులో నన్ను చూసి, బస్తాతో సహా అటు తిరిగిపోయావు. కాయలు కాసిన నీ భుజం నా కంటబడింది.

గురువారం పొద్దున్నే కచేరీ మెట్ల దగ్గర ఉంటాను. నాతో మాట్లాడకపోయినా సరే, సంతకం పెట్టి వెళ్లు.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే
యాజులు

తా.క. ఆనాడు నేను నిన్ను మరిచిపోలేదు. మన ఊరికి పన్నెండు పేర్లే అన్నారు. పన్నెండోది నీదే రాశాను. ఆ వరదలో చనిపోయిన రైతు దేవుళ్లు భార్య తలుపులమ్మ ఇద్దరు పిల్లలతో వచ్చి మా అరుగు కింద నిలబడింది. ఏమీ అడగలేదు. నీ పేరు కొట్టేసి ఆమె పేరు రాశాను. కొండబాబు నావాడు, సర్దుకుంటాడులే అనుకున్నాను. చెబితే నువ్వు ఒప్పుకునేవాడివే. నిన్ను అడగలేదు, అదీ నా తప్పు. ఆ తరవాత చెప్పడానికి సిగ్గు అడ్డొచ్చింది.

పోయిన ఆదివారం తలుపులమ్మకు నిజం చెప్పాను. “ఇన్నాళ్లూ ఆ బాబు కూడు తిన్నానేటి?” అని కూలబడింది. మర్నాటి నుంచి పిల్లలతో కలిసి నీ పొలంలో ఇసక ఎత్తిపోస్తోంది. వద్దంటే వినదు. నీకు మాత్రం చెప్పొద్దంది. నీ దగ్గర ఇంకొకటి దాచడం నా వల్ల కాదు.